చెవిలో పాట, తీగలో తంటా



బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వేశారు. వయొలిన్లు వస్తున్నాయి, తబలా వస్తోంది, వెనక కోరస్ కూడా వస్తోంది. పాడుతున్న బాలుగారి గొంతు మాత్రం లేదు. చెవులు రిక్కిస్తే ఎక్కడో అట్టడుగున, పలచగా, మాట పోల్చుకోలేనంతగా ఉంది. ఫోన్ పాడైందనుకుంటారు కొందరు. పాట సరిగ్గా డౌన్‌లోడ్ కాలేదనుకుంటారు కొందరు. "గొంతు తీసేసిన కరోకే ట్రాక్ ఎక్కిందేమోనండీ" అన్నాడు మా వీధి కుర్రాడొకడు, తన ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెడుతూ. పాటకేమీ కాలేదు. ఆ వైరులో వెంట్రుకంత సన్నటి రాగి పోగులతో చేసిన తీగలు నాలుగైదు ఉంటాయి. వాటిలో ఒకటి తెగింది, లేదా తగలవలసినచోట తగలడం లేదు. అది ఏ తీగో కూడా ఆ మాయమైన గొంతే చెప్పేస్తుంది. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

ఇయర్‌ఫోన్ల జబ్బుల్లో నాకు నచ్చే సంగతి ఇదే. విప్పి చూడనక్కర్లేదు, వింటే చాలావరకు తెలిసిపోతుంది. ఒకవైపు ఉన్నట్టుండి ఆగిపోవడం వేరు, వారాల తరబడి మెల్లగా తగ్గుతూ రావడం వేరు. కదిపినప్పుడల్లా గరగరమనడం వేరు, రెండువైపులా వస్తూనే పాట డొల్లగా ఉండడం వేరు. దేని కారణం దానిదే. అది తెలియక, రెండు మూడు వందలదేగా అని పారేసి ఇంకోటి కొనేస్తాం. అలా పారేసినవాటిలో చాలావాటికి లోపలి స్పీకరు నిక్షేపంగా ఉంటుంది. అయస్కాంతం, దాని ముందు చిన్న తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన పలచటి పొర. సాధారణ రకంలో ఉండేది అంతే. దానంతట అది చెడిపోవడం తక్కువ. చెడేది దాని ముందున్న జాలీ, దాని వెనకున్న తీగ, ఆ తీగ వెళ్లి దూరే ఫోను రంధ్రం.

ఏదైనా ముట్టుకునే ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. "ఎడమవైపు తక్కువ వినిపిస్తోంది" అంటాం. తక్కువైంది పాటలోనా, ఫోనులోనా, ఇయర్‌ఫోనులోనా, చెవిలోనా? కుడిదాన్ని తీసి ఎడమ చెవిలో, ఎడమదాన్ని తీసి కుడి చెవిలో పెట్టుకోండి. మీద అక్షరాలు ఏమున్నా పట్టించుకోకండి. ఇప్పుడు కుడి చెవికి తక్కువగా వినిపిస్తుంటే తప్పు చెవిది కాదు. అటూఇటూ మార్చినా ఎడమ చెవికే తక్కువగా ఉంటే ఇయర్‌ఫోను నిర్దోషి. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక చెవి వినికిడి ఒక్కసారిగా, ఒకటి రెండు రోజుల్లో పడిపోతే మాత్రం రేపూ మాపూ అనకండి. అలాంటివాటిలో వెంటనే మందు పడితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

తప్పు చెవిది కాదని తేలితే, అదే ఇయర్‌ఫోను ఇంకో ఫోనుకు పెట్టి చూడండి. అక్కడ బాగుంటే మీ ఫోను సెట్టింగులు తెరవండి. యాక్సెసిబిలిటీ అనే చోట ఎడమ కుడి శబ్దాల బ్యాలెన్స్ గీత ఒకటి ఉంటుంది. పిల్లలు ఫోనుతో ఆడుతూ దాన్ని ఓ పక్కకి జరిపేసి ఉంటారు, మనం ఇయర్‌ఫోన్ల మీద ఇయర్‌ఫోన్లు మారుస్తుంటాం. ఇంకో మాట. ఒక్క పాట విని తీర్పు చెప్పకండి. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో గొంతంతా ఒకవైపు, వాద్యాలన్నీ ఇంకోవైపు సర్దిన రికార్డింగులు ఉన్నాయి. అవి వింటే మంచి ఇయర్‌ఫోను కూడా కుంటిదానిలా అనిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బుకు వద్దాం. శబ్దం ఒకవైపు రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది. ముందు తాళాల ఝంకారం, స, ష లాంటి అక్షరాల పదును మసకబారతాయి, తరవాత మొత్తమే సన్నగిల్లుతుంది. నూటికి తొంభైమంది "స్పీకరు పోయింది" అంటారు. పోయింది స్పీకరు కాదు, దాని నోరు మూసుకుపోయింది. గులిమి.

గులిమిని మనం మురికి కింద జమకడతాం కానీ, అది చెవి తనకోసం చేసుకునే మందు. పెద్దవాళ్ల చెవి కాలువ సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులో బయటివైపు భాగంలోనే గులిమి తయారవుతుంది. దుమ్మును పట్టుకుంటుంది, లోపలి చర్మం ఎండిపోకుండా చూస్తుంది. ఆ చర్మం లోపలినుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది. మనం నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు దవడ కదలిక కూడా తోడవుతుంది. అలా గులిమి తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. రోజుకు నాలుగైదు గంటలు ఆ దారికి అడ్డంగా రబ్బరు బిరడా బిగిస్తే ఏమవుతుంది? వచ్చేది వచ్చి ఇయర్‌ఫోను మూతికి అంటుకుంటుంది. కొంత వెనక్కి వెళుతుంది. దూది పుల్ల పెట్టి తిప్పేవాళ్లు, పిన్నీసుతో కెలికేవాళ్లు దాన్ని ఇంకా లోపలికి తోస్తారు. చెవిలోకి పుల్లలు పెట్టకండి. తుడవవలసింది చెవిలో పెట్టే వస్తువుని.

ఎలా తుడవాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే బాగుచేయబోయి పాడుచేసేది ఇక్కడే. రబ్బరు టోపీని మెల్లగా తిప్పుతూ లాగి తీసేయండి. అది తీశాక ఒక చిన్న గొట్టం, దాని చివర జాలీ కనిపిస్తాయి. కొన్నిటికి సన్నటి లోహపు జాలీ, కొన్నిటికి బట్టలాంటి పొర. టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. శుభ్రంగా ఉంటే కన్నాలు విడివిడిగా మెరుస్తాయి. మూసుకుపోతే పసుపు గోధుమరంగు కలిసిన మైనం పలచగా పరుచుకుని కన్నాలు కనిపించవు. ఇప్పుడు ఆ మూతిని నేలవైపు తిప్పి పట్టుకోండి. ఇది మరిచిపోకూడని సంగతి. పైకి తిప్పి రుద్దితే ఊడిన మైనమంతా జాలీలోంచి లోపలికి రాలుతుంది. మూతి కిందికి ఉంచి, ఎవరూ వాడని పొడి టూత్‌బ్రష్, మెత్తటి రకం, దానితో కిందినుంచి తేలిగ్గా దులపండి. గోడకు పోస్టర్లు అతికించే జిగురు ముద్దలు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. చిటికెడు ముద్దను మూతికి అద్ది తీస్తే, అద్ది తీస్తే, మిగిలింది కూడా ఊడి వస్తుంది. గట్టిగా పట్టేసి ఉంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లను తడిపి, పిండేసి, చెమ్మ మాత్రమే మిగిలాక జాలీకి తాకించండి. అప్పుడూ మూతి కిందికే ఉండాలి. ఆరేదాకా పాట పెట్టకండి.

సూది వాడకండి. జాలీ వెనక కాస్త దూరంలోనే ఆ పలచటి పొర ఉంటుంది, సూదిమొన తగిలితే ఇక బాగుచేసేదేమీ ఉండదు. నోటితో ఊదకండి, ఊపిరితో పాటు తేమ లోపలికి పోతుంది. కుళాయి కింద కడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

వినికిడి యంత్రాలు వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ సంగతి మీకు కొత్తేమీ కాదు. వాటికి గులిమి ఆపే చిన్న జాలీ బిళ్లలు విడిగా దొరుకుతాయి, పాతబడితే మారుస్తుంటారు. ఇయర్‌ఫోన్లకు వినికిడి యంత్రాలతో దగ్గరి చుట్టరికమే ఉంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి స్పీకరు అప్పటికే వినికిడి యంత్రాల్లో వాడుకలో ఉంది. దాన్ని పాటలు వినడానికి వాడి, అమెరికాలో ఎటిమోటిక్ అనే సంస్థ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోను తెచ్చింది. తరవాత 1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీరు, వాన్ హేలన్ బృందం డ్రమ్మరు వేదిక మీది హోరులో తన వాయిద్యం తాను వినడానికి, చెవిలో ఇమిడే మానిటర్లు చేసి ఇచ్చాడు. ఇవాళ మన టీవీ పాటల పోటీల్లో, పెద్ద కచేరీల్లో గాయకుల చెవుల్లో కనిపించేవి ఆ వంశానివే. అలాంటి ఖరీదైన వాటి పెట్టెలో కొసన వంకీ ఉన్న చిన్న పుల్ల ఒకటి ఇస్తారు. అది గులిమి తీయడానికి, అదీ వస్తువులోంచి. చెవిలోంచి తీయడానికి ఇచ్చారనుకునేవాళ్లు లేకపోలేదు.

తీసి పక్కన పెట్టిన రబ్బరు టోపీలను మాత్రం నిస్సంకోచంగా గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడగండి. పూర్తిగా ఆరాకే తొడగండి. స్పాంజిలా నొక్కుకునే రకానికి ఆల్కహాల్ తగలనివ్వకండి, పెళుసెక్కి పోతుంది. దాన్ని తడిబట్టతో తుడవడం, కొన్ని నెలలకు కొత్తది మార్చడం, అంతకన్నా ఏం చేయలేం. ఒకరివి ఇంకొకరు వాడుకునే ఇళ్లలో టోపీలైనా ఎవరివి వాళ్లకు ఉండాలి.

టోపీల మాట వచ్చింది గనక, "బేస్ లేదండీ, రేకుడబ్బా శబ్దం వస్తోంది" అనే ఫిర్యాదు కూడా చూద్దాం. అది సాధారణంగా జబ్బే కాదు, కొలత తప్పిన టోపీ. చెవి కాలువను టోపీ పూర్తిగా మూస్తేనే కింది స్థాయి శబ్దాలు నిలుస్తాయి, సందు ఉంటే అవే ముందు జారిపోతాయి. పెట్టెలో చిన్నా పెద్దా టోపీలు ఇచ్చేది అందుకే, మనం వాటిని పెట్టెతో సహా పారేస్తాం. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకీ వెనక్కీ లాగండి. కాలువ వంపు సాపవుతుంది, టోపీ సరిగ్గా కూర్చుంటుంది. కొన్నిటిని దూర్చేటప్పుడు లోపల చిటచిటమంటుంది. గాలి ఒత్తిడికి పలచటి పొర ముడుచుకునే చప్పుడు అది. మెల్లగా పెట్టుకుంటే తగ్గుతుంది.

ఇప్పుడు తీగ. బాలుగారి గొంతు దగ్గరికి వచ్చాం.

ఆ పిన్ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని పెద్దన్న పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పుట్టాడు. ఆపరేటర్లు బోర్డు మీద ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో గుచ్చి కాల్స్ కలిపేవాళ్లు, ఆ పిన్ను అది. ఇప్పటికీ గిటారుకు, స్టేజీ సామానుకు ఆ పావు అంగుళం రకమే వాడతారు. మన చేతిలో ఉన్నది దాని మూడున్నర మిల్లీమీటర్ల తమ్ముడు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ఊరూరా తిరిగాడు. 2016లో ఆపిల్ తన ఐఫోన్ 7 నుంచి ఆ రంధ్రాన్ని తీసేసింది, మిగతావాళ్లు చాలామంది ఆ దారే పట్టారు. అయినా మన దగ్గర ఇంకా బోలెడు ఫోన్లకు అది ఉంది.

మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల పిన్ను మీద మూడు నల్లటి గీతలు కనిపిస్తాయి, అవి లోహాన్ని నాలుగు ముక్కలు చేస్తాయి. కొసన ఉన్నది ఎడమ చెవి. తరవాతది కుడి చెవి. దాని తరవాతది గ్రౌండు. మొదట్లో ఉన్నది మైకు. ఈ రోజుల్లో అమ్మేవాటిలో దాదాపు అన్నిటికీ ఇదే వరస.

స్టూడియోలో గాయకుడి గొంతును సాధారణంగా మధ్యలో కూర్చోబెడతారు. అంటే ఎడమ స్పీకరుకూ కుడి స్పీకరుకూ అదే గొంతు, అదే బలంతో వెళుతుంది. వయొలిన్లను కాస్త ఎడమకీ, గిటారును కాస్త కుడికీ పంచుతారు. రెండు స్పీకర్లలోకీ వెళ్లిన విద్యుత్తు ఒకే ఉమ్మడి దారిలో ఫోనుకు తిరిగి రావాలి. ఆ ఉమ్మడి దారే గ్రౌండు. అది తెగిందనుకోండి. విద్యుత్తుకు మిగిలిన దారి ఒక్కటే, ఎడమ స్పీకరులోంచి కుడి స్పీకరులోకి. గొంతు విషయంలో అటునుంచి ఎంత తోపు ఉంటుందో ఇటునుంచీ అంతే ఉంటుంది. తాడు లాగే పందెంలో రెండు జట్ల బలమూ సమానమైతే తాడు కదలదు కదా, అదే పరిస్థితి. గొంతు నిలబడిపోతుంది. రెండువైపులా సమానంగా లేని వాద్యాలు, ఆ తేడా ఎంతో అంత మేరకు, వినిపిస్తాయి.

అదే ఇయర్‌ఫోనుతో ఘంటసాల మాస్టారి పాట పెట్టి చూడండి. ఆయన పాటల్లో అత్యధికం మోనో రికార్డింగులు. ఎడమకూ కుడికీ తేడానే లేదు. కనక గొంతూ రాదు, వాద్యాలూ రావు. ఎవరో స్టీరియోగా మార్చి ఎక్కించిన కాపీ అయితే తప్ప దాదాపు నిశ్శబ్దమే. అందుకే నా దగ్గర పరీక్ష పాట ఎప్పుడూ పాతదే. ఇదే ప్రసంగం మీరు ఎఫ్‌ఎం పెట్టుకుని ఫోనులో ఇయర్‌ఫోన్లతో వింటుంటే, నా గొంతు స్పష్టంగా వినిపిస్తోందంటే, మీ గ్రౌండు తీగకు ఢోకా లేదు.

గొంతు మాయమైందని వెంటనే కత్తెర తీయకండి. పిన్ను పూర్తిగా దిగకపోయినా అచ్చం ఇదే జబ్బు కనిపిస్తుంది, ఎందుకంటే ముక్కలు ఒక మెట్టు పక్కకు తగులుతాయి. ఫోనుకు మందపాటి కవరు ఉంటే అది పిన్ను మెడను ఆపేస్తుంది. కవరు తీసి గుచ్చి చూడండి. అయినా దిగకపోతే ఫోను ఆపి, రంధ్రంలోకి టార్చి వెయ్యండి. జేబులో తిరిగిన ఫోను రంధ్రం అడుగున బూడిదరంగు నూలుదుమ్ము చేరి ఉంటుంది. పిన్ను గుచ్చిన ప్రతిసారీ మనమే దాన్ని దిమ్మిసా కొట్టినట్టు లోపలికి కూరుతాం. చెక్క టూత్‌పిక్‌ను గోడవెంట దింపి, మెల్లగా పైకి గీకుతూ తీయండి. ఎంత దుమ్ము వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పిన్నీసు, గుండుసూది వద్దు. లోపలి రాగి రేకులు వంగితే ఫోనుకే వైద్యం చేయించాలి. టైప్-సి రంధ్రానికీ ఇదే కథ, అక్కడ మధ్యలో ఉండే నాలుక ఇంకా సున్నితం. చార్జింగ్ వైరు వదులుగా ఊగుతోందంటే సగంసార్లు అడుగున ఉన్నది ఈ దుమ్మే.

ఇంకో వింత ఉంది. పాత ఫోన్లతో వచ్చిన కొన్ని ఇయర్‌ఫోన్లలో గ్రౌండూ మైకూ తారుమారుగా ఉంటాయి. ఇంట్లో పాత డబ్బాలోంచి తీసిన అలాంటిదాన్ని కొత్త ఫోనుకు పెడితే గొంతు మాయమవుతుంది. మైకు మీది బొత్తాం నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ పాట నిండుగా వచ్చి, వదలగానే గొంతు పోతే, తీగ తెగలేదు, వరస కుదరలేదంతే. చిన్న అడాప్టరు కొంటే సరిపోతుంది.

ఇవేవీ కాకపోతే తీగే. పాట పెట్టి, పిన్ను దగ్గరినుంచి మొదలుపెట్టి రెండేసి అంగుళాల చొప్పున వంచుతూ రండి. ఎక్కడ వంచితే గరగరమందో, ఎక్కడ ఆగిపోయిన వైపు ఒక్క క్షణం పలికిందో అక్కడే తెగింది. ఎక్కువగా పిన్ను మెడ దగ్గర, లేదా వైరు రెండుగా చీలేచోట, లేదా చెవి ముక్కలోకి దూరేచోట. మెడ దగ్గరైతే బాగుచేసుకోవచ్చు. మరలు తిప్పి విప్పే కొత్త పిన్నులు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే దొరుకుతాయి, చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

తెగిన చోటు దాటి వైరు కత్తిరించి, పై తొడుగు ఒలిస్తే సన్నటి రంగుల పోగులు బయటపడతాయి. ఎర్రటిది కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ, రాగి రంగుది గ్రౌండు అని సాధారణ మర్యాద. అన్ని కంపెనీలూ ఆ మర్యాద పాటించవు. ఆ రంగు నిజానికి లక్కపూతలాంటి పొర, అది విద్యుత్తును ఆపుతుంది. కొత్తగా చేతులుపెట్టినవాళ్లు దాని మీదే సోల్డరు వేస్తారు. అతికినట్టే ఉంటుంది, శబ్దం రాదు. సోల్డరింగ్ ఐరన్ కొసన కరిగిన సోల్డరు బొట్టు నిలిపి, తీగ చివరను అందులో కొన్ని క్షణాలు ముంచి ఉంచండి. చిన్నగా పొగ లేస్తుంది, పూత కాలిపోతుంది, చివర వెండిలా మెరుస్తుంది. అప్పుడు అతికించండి. పోగుల మధ్య బలానికి వేసిన నైలాన్ దారాలుంటాయి, అవి నల్లగా కాలి అడ్డం పడతాయి, ముందే కత్తిరించేయండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ పీల్చేది కాదు. ఏ రంగు ఏదో అనుమానం వస్తే మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి రెండు రెండు తీగల మధ్య చూడండి. గ్రౌండుకూ ఒక స్పీకరు తీగకూ మధ్య సాధారణంగా 16 లేదా 32 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది, ఆ చెవిలో టిక్కుమని చిన్న చప్పుడూ వస్తుంది. కుడి ఎడమల మధ్య పెడితే దానికి రెట్టింపు. ఏమీ చూపించకపోతే తెగింది, సున్నా చూపిస్తే ఎక్కడో అతుక్కుంది.

చెవి ముక్క దగ్గర తెగినదాని జోలికి మాత్రం వెళ్లకపోవడమే మేలంటాను. జిగురుతో మూసేసిన డొప్పను బ్లేడుతో విప్పబోయి వేలు తెగ్గోసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు, తిరిగి మూసినా మునుపటి శబ్దం రాదు.

అసలు తెగకుండా చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. లాగేటప్పుడు పిన్ను పట్టుకుని లాగాలి, తీగ పట్టుకుని కాదు. ఫోను చుట్టూ బిగించి చుట్టి జేబులో కుక్కకూడదు. నాలుగువేళ్ల మీద వదులుగా చుట్టి చిన్న డబ్బాలో వేస్తే చాలు. ఎఫ్‌ఎం వినేవాళ్లకు ఒక ముచ్చట. ఫోనుకు ఆ తీగే ఏరియల్. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో పావువంతు 75 సెంటీమీటర్లు. మీటరుకు కాస్త అటూఇటూగా ఉండే ఇయర్‌ఫోను తీగ ఆ పనికి చక్కగా సరిపోతుంది. స్టేషను గరగరమంటుంటే ఆకాశవాణిని తిట్టుకునే ముందు ఉండచుట్టిన తీగను సాగదీయండి.

చెమట సంగతి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలోనే ఉప్పూ తేమా ఉంటాయి. వ్యాయామం చేస్తూ వినేవాళ్లకు ఒకవైపు ఉన్నట్టుండి తగ్గి, మర్నాటికి దానంతటదే బాగవుతుంది. ఇయర్‌ఫోను ఒంటి మీద గాలి ఆడడానికి చిన్న కన్నం ఉంటుంది, దానికి చెమట బొట్టు అడ్డం పడితే పొర సరిగ్గా కదలదు. పొడిబట్టతో తుడిచి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూతపెట్టి ఒక రాత్రి ఉంచండి. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, తవుడు దుమ్ము కన్నాల్లోకి పోతుంది. హెయిర్ డ్రయ్యరు వేడికి జిగుర్లు కరుగుతాయి. పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే ఏ వైపునుంచి నీళ్లు చిలకరించినా తట్టుకుంటుందని, అంతే. ఎక్స్ అంటే దుమ్ము పరీక్ష ఫలితం చెప్పలేదని. ఐపీఎక్స్7 మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. సముద్రానికీ సబ్బునీళ్లకూ ఆ హామీ లేదు.

తీగలేని బడ్స్‌కు తీగ బాధ లేదు, మిగతావన్నీ ఉన్నాయి, ఇంకొన్ని అదనం. ఒకటి పలుకుతూ రెండోది పలకడం లేదంటే ముందు చార్జింగ్ పెట్టెలో చూడండి. బడ్ అడుగున, పెట్టె గుంటలో బంగారు రంగు చుక్కలుంటాయి. వాటిమీద చెమట చిలుము పట్టినా, గులిమి అంటినా ఆ బడ్ చార్జి కాదు. పెట్టెలో పెట్టాం కదా, నిండే ఉంటుందనుకుంటాం. పొడి దూది పుల్లతో రెండువైపులా తుడిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కుదరకపోతే ఫోను బ్లూటూత్ జాబితాలోంచి పేరు తీసేసి, తయారీదారు చెప్పిన పద్ధతిలో బడ్స్‌ను రీసెట్ చేసి, మళ్లీ జతచేయండి. నడుస్తుంటే పాట తెగితెగి వస్తోందా? బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఫోను వెనక జేబులోంచి ముందు జేబులోకి మార్చి చూడండి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నప్పుడే తెగుతుంటే, అది కూడా అదే రకం తరంగాల మీద నడుస్తుందని గుర్తు తెచ్చుకోండి.

వీటికి ముసలితనం బ్యాటరీ రూపంలో వస్తుంది. అంత చిన్న డొప్పలో పట్టే లిథియం బ్యాటరీ ఎంతని. రోజూ వాడితే రెండు మూడేళ్లకు ఐదు గంటలు వచ్చేది రెండు గంటలకు పడుతుంది. కాల్స్ మాట్లాడేటప్పుడు మైకు పని ఎక్కువగా చేసే బడ్ ముందు అలసిపోతుంది. పూర్తిగా ఖాళీ చేసి నెలలు సొరుగులో పడేస్తే మళ్లీ లేవకపోవచ్చు, సగం చార్జితో దాచండి. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో మాత్రం వదలకండి. బ్యాటరీ మార్చుకునే వీలు లేకుండా వీటిని అతికించి అమ్మడం నాకు మింగుడుపడని సంగతి. వేలు పోసి కొన్న వస్తువు స్పీకరు బాగుండగానే చెత్తలోకి పోతుంది.

శబ్దం తగ్గిందని బటన్ నొక్కి పెంచుకుంటూ పోయేవాళ్లకు ఒక అంకె చెబుతాను. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మూడు డెసిబెళ్లు పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. జాలీ మూసుకుపోయిన వైపు కోసం వాల్యూమ్ పెంచితే, బాగున్న వైపు చెవి ఆ మోత భరిస్తుంది. పెంచే ముందు తుడవండి.

ఇన్ని చేసినా లేవని ఇయర్‌ఫోన్లు ఉంటాయి. బడ్స్‌ను, వాటి పెట్టెను చెత్తబుట్టలో వేయకండి, నలిగితే లిథియం అంటుకుంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. తీగ ఉన్నదైతే, చెవి ముక్క దగ్గర పోయినదైతే, పిన్నుకు ఒక జానెడు తీగ ఉంచి కత్తిరించి సొరుగులో వేసుకోండి. ఇంట్లో ఈసారి తెగేది పిన్ను మెడ దగ్గరే తెగే అవకాశం ఎక్కువ. అచ్చుపోసిన పిన్ను అప్పటికే మీ దగ్గర ఉంటుంది, మల్టీమీటరుతో రంగులు జతచూసుకుని తీగకు తీగ అతికించుకుంటే పని అయిపోతుంది. ప్రతి అతుకు మీదా విడివిడిగా సన్నటి ష్రింక్ ట్యూబ్ తొడగడం మరవకండి, లేకపోతే ఒకదానికొకటి తగిలి ఉన్న ఒక్క చెవీ మూగబోతుంది.